బడి వెనక కిటికీలు

సూరత్,
ఏప్రిల్ 6, 2020.

కునీ,

సర్పంచ్ గారికి దండాలు అని మొదలుపెట్టనా, ముక్కు చీదడం నేర్పిన అన్నగా మొదలుపెట్టనా? నా ఫోను పోయిన వారమే బియ్యమైపోయింది. ఈ కాగితాన్ని కైబల్య తన ఫోనుతో ఫోటో తీసి పంపుతున్నాడు. మాట్లాడదామంటే గదిలో వాళ్ళంతా చెవులు రిక్కిస్తారు. నువ్వేమో ఇద్దరు వింటుంటేనే నోరు విప్పవు. అందుకని నువ్వూ రాసి ఫోటో పంపు.

మగ్గాలు ఆగి రెండు వారాలయింది. రాత్రి ఎనిమిదింటికి టీవీలో చెప్పారు, అర్ధరాత్రికల్లా దేశమంతా తలుపులేసేశారు. మా యజమాని ఫోను కూడా ఆ రాత్రే మూతపడింది. మా గది సంగతి నీకు తెలుసుగా. పగటి షిఫ్టు వాళ్ళు లేచిపోయిన చాపల మీద రాత్రి షిఫ్టు వాళ్ళు వచ్చి పడుకోవాలి. ఇప్పుడు రెండు షిఫ్టులూ గదిలోనే. నాదీ కైబల్యదీ ఒకే ఊరు, ఒకే వీధి, ఒకే చాప. ఆరేళ్ళలో ఇద్దరం దాని మీద ఒకేసారి పడుకోవడం ఇదే మొదలు. వాడు గురక పెడతాడని ఇన్నాళ్ళకి తెలిసింది.

అమ్మ ఉబ్బసం తగ్గాలని ఈ చైత్రంలో ఇల్లు విడిచి, ఒంటిపూట తిండితో దండ వ్రతం కూర్చుంటానని మొక్కుకున్నాను. టికెట్టు కూడా తీసుకున్నాను. రైలే లేదు. అక్కడ దండ జరుగుతోందా?

అసలు సంగతి రాస్తాను. ఇక్కడినుంచి మనవాళ్ళు చాలామంది నడిచే బయల్దేరుతున్నారు. కైబల్య కూడా పదమంటున్నాడు. రానా? నన్ను చూస్తే అమ్మ ఆగదు, వచ్చి మీద పడుతుంది. ఆవిడకి ఊపిరే అంతంతమాత్రం. నేను మోసుకొచ్చేది సంచీ ఒక్కటే అని నమ్మకమేమిటి? నువ్వు రమ్మంటే వస్తాను. వద్దంటే ఇక్కడే గురక వింటూ ఉంటాను.

నీ అన్న,
ఉదయనాథ్


ఖజురిపల్లి,
ఏప్రిల్ 24.

అన్నయ్యకు,

దండ ఆపేశారు. ఆ ఉత్తర్వు చదివి వినిపించింది నేనే. దండ కూర్చునే భోక్తలందరికీ పెద్ద, నీలకంఠ తాత నన్నేమీ అనలేదు. దండ జెండాని గుడ్డలో చుట్టి చూరులో పెట్టి, దాని కింద కూర్చుని ఏడ్చాడు. "కలరా వచ్చిన ఏడు కూడా మా తాత ఆపలేదే" అన్నాడు.

ఇంకొకటి జరిగింది. ఎలా రాయాలో తెలియడం లేదు. మన ప్రభుత్వం సర్పంచులకి కలెక్టర్ అధికారాలు ఇచ్చింది. ఊరికి వచ్చినవాళ్ళని ఆపడానికి, విడిగా ఉంచడానికి, వినకపోతే కేసు పెట్టడానికి. ఆ కాగితం చదివి లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాను. ఆడవాళ్ళ సీటు కాబట్టి, చదువుకున్నది కాబట్టి, ఎదురు మాట్లాడదు కాబట్టి నన్ను నిలబెట్టారు. బ్లాకు ఆఫీసరు ఫోన్ చేసి "అర్థమైందా అమ్మా?" అని అడిగారు. "అయిందండీ" అన్నాను. ఆయన "హలో, హలో" అంటూనే ఉన్నారు. బరంపురం కాన్వెంటులో హాజరు పిలిస్తే నాకు గొంతు వచ్చేది కాదు. "చెయ్యెత్తు, చాలు" అనేవారు సిస్టర్ వెరోనికా. ఇప్పుడు ఏ చెయ్యి ఎత్తాలి?

నిన్న పంచాయతీ ఆఫీసు ముందు అందరూ చేరారు. ఊరి దారికి అడ్డంగా అప్పటికే రేగుకంప వేసేశారు. గౌరాంగ మామ చేతిలో కర్ర. "సూరత్ నుంచి వచ్చేవాడు నా కొడుకైనా సరే, కాళ్ళు విరగ్గొడతా" అన్నాడు. ఆయన కొడుకు సూరత్‌లోనే ఉన్నాడు. ఆయన వెనక వాళ్ళావిడ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆమెని చూస్తుంటే నాకు దండ గుర్తొచ్చింది. నిలబడ్డాను.

"దండ కూర్చున్నవాడు వ్రతం అయ్యేదాకా ఇంటి గడప తొక్కుతాడా?" అన్నాను.

"తొక్కడు" అన్నాడు నీలకంఠ తాత.

"సొంత ఇంటివాళ్ళు వెళ్ళి ముట్టుకుంటారా?"

"అమ్మో, వ్రతం చెడిపోదూ!" అంది కైబల్య వాళ్ళమ్మ.

"మరైతే ఆగిపోయిన దండని బడిలో చేద్దాం. వచ్చేవాళ్ళంతా భోక్తలు. బడే దండ ఘట్టం, భోక్తలుండే చోటు. ఇరవై ఒక్క రోజులు. ముందు తాడు కడదాం. సొంతవాళ్ళెవరూ తాడు దాటకూడదు."

తర్వాత నీలకంఠ తాత లేచి, "ఈ పిల్లకి నోరుందని ముందే చెప్పి ఉంటే దండకి వ్యాఖ్యానం చెప్పించేవాళ్ళం కదర్రా" అన్నాడు. అందరూ నవ్వారు. గౌరాంగ మామ వెళ్ళి కంప తీసేశాడు. ఆ కర్రతోనే తీశాడు.

రా అన్నయ్యా. కానీ నడిచి రావద్దు. రైళ్ళు వేస్తారంటున్నారు. నువ్వు వచ్చినా అమ్మ నిన్ను ముట్టుకోదు. వ్రతం కదా. అమ్మ చేత నేను మాట తీసుకున్నాను.

కేతకి


ఖజురిపల్లి బడి, ఐదో తరగతి గది,
మే 15.

కలెక్టరు గారూ,

ఇదే గదిలో లెక్కల మాస్టారు నన్ను గోడ కుర్చీ వేయించాడు. ఇప్పుడు ప్రభుత్వం పడుకోబెట్టి తిండి పెడుతోంది. ఇరవై ఒక్క రోజులు కూర్చుంటే రెండు వేలు కూడా ఇస్తుందట. మగ్గం దగ్గర నిలబడి సంపాదించలేనిది కూర్చుని సంపాదిస్తున్నాను, వదినకి చెప్పు.

ఈ ఉత్తరం మీ వదిన పంపిన టిఫిన్ డబ్బా కింది గిన్నెలో పెడుతున్నాను. దాల్మా పప్పులో పడితే నా తప్పు కాదు. నిన్న నువ్వు తాడు అవతల గొడుగు వేసుకుని నిలబడ్డావు. చెయ్యి ఊపితే తల తిప్పేసుకున్నావు. నాకు నవ్వొచ్చింది. "సొంత అన్నని పలకరించదురా, ఎంత పొగరు!" అన్నాడు గౌరాంగ మామ కొడుకు. "పలకరిస్తే నీ పెళ్ళాం కూడా వచ్చి పలకరిస్తానంటుంది, అందుకని" అన్నాడు కైబల్య. వాడికి బుర్ర ఉంది.

కైబల్యది పక్కగది. సాయంత్రం కాగానే దండ పాటలు ఎత్తుకుంటాడు. గొంతు కాకిది, భక్తి కోకిలది. నీలకంఠ తాత తాడు అవతలనుంచి బూడిద పొట్లాలు విసిరాడు. అందరం నుదుట పెట్టుకున్నాం. రోజుకి ఒక్కపూటే తింటున్నాం.

ఒకటి చెప్పనా, నవ్వకు. సూరత్‌లో ఇన్నేళ్ళూ "ఏయ్ ఒరియా" అన్న పిలుపే విన్నాను. దారి పొడవునా రైలు కిటికీలు మూయమని జనం అరిచారు. ఇక్కడ దిగితే ముసలివాళ్ళు చేతులు జోడించారు. నేను ఏ తప్పూ చెయ్యలేదని మొదటిసారి అనిపించింది. అది నీవల్లే.

అమ్మ జాగ్రత్త.

ఉదయనాథ్


ఖజురిపల్లి,
మే 20.

అన్నయ్యకు,

నీ ఉత్తరానికి దాల్మా అంటింది. ఆరబెట్టి చదివాను.

నిన్న బరంపురం నుంచి వచ్చి మీ అందరి ముక్కుల్లోంచి నమూనాలు తీసుకెళ్ళారు కదా. ఫలితాలు నాలుగైదు రోజుల్లో వస్తాయి. పక్క పంచాయతీలో మనుషులు బడి గోడ దూకి పారిపోయారు. మన తాడు ఒక్కరు కూడా దాటలేదు. బ్లాకు ఆఫీసరు "ఏం చేశావమ్మా?" అని అడిగారు. చెప్పడానికి సిగ్గేసింది.

అమ్మ సంగతి నువ్వు నమ్మవు. నీతోపాటు తనూ ఒక్కపూటే తింటోంది. తెల్లవారకముందే లేచి చెరువుకి వెళ్ళి స్నానం చేసి, నుదుట బూడిదతో పాడుకుంటూ వస్తుంది. "ఊపిరి తేలిగ్గా ఉందే" అంటుంది. ఝరణా వదిన మాత్రం అమ్మ మాట వస్తే నవ్వి ఊరుకుంటుంది. ఇల్లంతా పెళ్ళివారిల్లులా ఉంది.

నాకు ఇంత సంతోషం అలవాటు లేదు.

కేతకి


ఖజురిపల్లి,
మే 25, ఉదయం.

అన్నయ్యా,

ఫలితాలు వచ్చాయి. ఆరుగురికి ఉంది. నీకు లేదు. కైబల్యకి ఉంది.

నిన్న సాయంత్రం కూడా పాడాడు కదా. దగ్గు లేదు, జ్వరం లేదు. "వేరే కైబల్య అయి ఉంటాడండీ" అన్నాను ఫోనులో. ఆ పేరున్నవాడు మన ఊళ్ళో ఒక్కడే.

అంబులెన్సు పదింటికి వస్తుంది. నువ్వు గదిలోంచి కదలకు. గుడ్డ ముక్కు మీదనుంచి తియ్యకు. వాళ్ళు ఎక్కేటప్పుడు నేను తాడు దగ్గరే ఉంటాను.

అమ్మకి చెప్పాను. పొయ్యి ముందు కూర్చుని ఉంది. "కైబల్యకా? సరిగ్గా చూశావా, కైబల్యకేనా?" అంది. వాడిమీద జాలి అనుకున్నాను. తర్వాత ఎంత పిలిచినా పలకడం లేదు.

కేతకి


బడి,
మే 26.

కునీ,

నీకు ఒకటి చెప్పాలి. నిలబడి ఉంటే కూర్చో.

నీ తాడు బడి ముందే ఉంది. వెనక చెరువు గట్టు వైపు తాడు లేదు. కిటికీలున్నాయి. భోక్త చేతి ప్రసాదం తింటే జబ్బులు పోతాయని మన ఊళ్ళో ఎవరికి తెలియదు? నువ్వు పుస్తకాల్లో ఉండి మర్చిపోయావు గాని, నీలకంఠ తాత చేతి ముద్ద కోసం మనమిద్దరం వరసలో నిలబడలేదూ?

మేం వచ్చిన రెండోరోజే తెల్లవారుజామున ఆడవాళ్ళు వచ్చారు. సొంతవాళ్ళు ముట్టుకుంటే వ్రతం చెడుతుందని అన్నారుగా మీటింగులో. ఆ మాట ఎవరూ తప్పలేదు. తల్లులు కిటికీలు మార్చుకున్నారు. కైబల్య వాళ్ళమ్మ నా కిటికీకి వచ్చేది. ఊచల్లోంచి ఆవిడ నుదుట బూడిద రాసి, నోట్లో ముద్ద పెట్టేవాణ్ణి. ఆవిడ నా చెయ్యి కళ్ళకద్దుకునేది.

మన అమ్మ కైబల్య కిటికీకి వెళ్ళేది. గోడ అవతలనుంచి వినిపించేది. "నా ఉబ్బసం పోవాలని దీవించు నాయనా." వాడు నవ్వుతూ, "పోతుంది పిన్నీ, మీ అబ్బాయి గురకే పోవాలి" అనేవాడు. చాలాసేపు మాట్లాడుకునేవాళ్ళు. నాతో మాట్లాడలేనివన్నీ వాడితో చెప్పేది, నేను వింటానని.

నీకు చెప్పవద్దని అమ్మ అంది. "అది చదువుకున్న పిల్ల, భయపడుతుంది" అంది. నేనూ చెప్పలేదు. రోజూ ఆ గొంతు వినాలని ఉండి చెప్పలేదు.

అమ్మకి ఎలా ఉంది? నిజం రాయి. మొన్నటిలా పెళ్ళివారిల్లు అని రాయకు.

ఉదయ


ఖజురిపల్లి,
మే 30.

అన్నయ్యా,

అమ్మ లేదు.

నీ ఉత్తరం అందేసరికే జ్వరం ఉంది. నీకు రాయలేదు. రాస్తే గోడ దూకుతావని. 27న బరంపురం తీసుకెళ్ళారు. అంబులెన్సు ఎక్కేటప్పుడు కూడా "ఉదయ వ్రతం పూర్తయ్యేదాకా చెప్పకు" అంది. ఈ ఉదయం ఫోన్ వచ్చింది. మాట్లాడిన అమ్మాయి పేరు, వయసు, ఊరు చదివి "మీరేనా?" అని అడిగింది. అది అమ్మ పేరు. "నేను కాదు" అన్నాను.

వదినకీ నాకూ పరీక్ష చేశారు. లేదు. కైబల్య వాళ్ళమ్మకీ లేదు.

దహనానికి ఇంటినుంచి ఒక్కరినే రానిస్తారట. "కొడుకున్నాడా?" అని అడిగారు. ఉన్నాడన్నాను. నిన్ను పంపడానికి అనుమతి రాశాను, సంతకం చేశాను, ముద్ర వేశాను. నాకు ఆ అధికారం ఉంది. "పంపెయ్యమ్మా, తల్లికి కొడుకు నిప్పు పెట్టకపోతే ఎలా? ఎవడడుగుతాడు?" అన్నాడు గౌరాంగ మామ. అడిగేవాళ్ళు బడిలోనే ఉన్నారు. నీతోపాటు ఉన్న ప్రతివాడికీ ఇంట్లో ఎవరో ఒక ముసలి ప్రాణం ఉంది. ఈ మూడు రోజుల్లో ఊళ్ళో ఇంకో నలుగురికి జ్వరాలు. నిన్ను వదిలితే ఎవరిని ఆపగలను? ఆపితే అమ్మకి ఏం జవాబు చెప్పగలను?

కాగితం డబ్బాలో పెట్టలేదు. నా చేతిలో ఉంది. జీపు పన్నెండింటికి వస్తుంది. పెట్టమంటే పెడతాను. ఇదే డబ్బాలో జవాబు పంపు.

కేతకి


బడి.

కునీ,

ఆ కాగితం చించెయ్.

దండ కూర్చున్నవాడు ఇంట్లో చావు వచ్చినా ఘట్టం దాటడు. వాడికి మైల లేదు. ఊరిని ఒప్పించడానికి ఏదో మాట అన్నాననుకున్నావు నువ్వు. నేను నిజంగానే కూర్చున్నాను. అమ్మ కోసమే కూర్చున్నాను. ఇప్పుడు లేచిపోతే అమ్మ ఎవరి కోసం పోయినట్టు?

నువ్వు వెళ్ళు. నిప్పు ఎటునుంచి పెట్టాలో అక్కడ ఎవరో చెప్తారు. మంత్రం అడిగితే గొంతు రాకపోయినా ఫరవాలేదు. చెయ్యెత్తు, చాలు.

కైబల్యకి మాత్రం చెప్పొద్దు. వాడు అక్కడ బతకాలి ముందు.

వినపడుతోంది జీపు. పరిగెత్తు.

ఉదయ


ఖజురిపల్లి,
జూన్ 1.

అన్నయ్యకు,

నీలం రంగు ప్లాస్టిక్ బట్టలు తొడిగారు. కళ్ళద్దాల మీద ఆవిరి పట్టేసింది. నాకేమీ కనిపించలేదు. "ఇంకొంచెం ముందుకమ్మా... కొంచెం ఎడమకి" అని అవతలివాడు చెప్తూ ఉన్నాడు. నా కాగడా ఎక్కడ తగలాలో అక్కడ తగిలిందని అతను చెప్తేనే తెలిసింది. ముఖం చూడలేదు. సంచీకి జిప్పు ఉంది. అమ్మేనా అని అడగాలనుకున్నాను. చెయ్యెత్తాను. అతనికి అర్థం కాలేదు.

తిరిగి వచ్చి వీధి వీధికీ మైకు పట్టుకుని వెళ్ళాను. నాకు ఎలా గొంతు వచ్చిందని అడగకు. "బడి దండ ఘట్టమని చెప్పింది నేను. దండ అంటే మీకు ప్రసాదం కూడా అని ఆలోచించనిది నేను. ఇకనుంచి అది బడి. వెనక కూడా తాడు కడుతున్నాను. ఆ కిటికీల దగ్గరికి వెళ్ళినవాళ్ళు బయటికి వచ్చి చెప్పండి, ఎవరినీ ఏమీ అనను" అన్నాను. మొదట ఒక్క తలుపూ తెరుచుకోలేదు. తర్వాత వదిన మన వీధిలోకి వచ్చి నిలబడింది. "నాకు తెలుసు, అత్తయ్య చెప్పవద్దంది" అని అందరి ముందూ అంది. అప్పుడు గౌరాంగ మామ వాళ్ళావిడ వచ్చింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. ఎంతమందో రాయను. అందరికీ పరీక్షలు చేయించాను. చీకటి పడ్డాక ఎవరో మన ఇంటి మీద రాయి వేశారు. వాళ్ళది తప్పని నేను అనుకోవడం లేదు.

ఎల్లుండి నీ వ్రతం పూర్తవుతుంది. భోక్తల కాళ్ళు కడగడానికి ఈసారి ఎవరూ రారు. రావద్దని ఉత్తర్వు ఇచ్చాను. గేటు దగ్గర బకెట్టూ సబ్బూ ఉంటాయి. నువ్వే కడుక్కో. నేను తాడు ఇవతల ఉంటాను. ఈసారి తల తిప్పుకోను.

కేతకి


సూరత్,
ఆగస్టు 26.

కునీ,

చేరాను. మగ్గాలు నడుస్తున్నాయి. మమ్మల్ని గాలికొదిలేసిన యజమానే బస్సు పంపించి, ఎక్కేటప్పుడు దండలు వేయించాడు. మెడలో దండ పడగానే ఉలిక్కిపడ్డాను.

నువ్వు ఇప్పించిన చెరువు పని మంచిదే. ప్రభుత్వం పనీ ఇచ్చింది, కూలీ ఇచ్చింది. కానీ దారం ముడి వేసే వేళ్ళు పలుగు పట్టుకుంటే ఏమవుతాయో చూశావుగా. ఊళ్ళో ఉండలేక వచ్చాననుకుంటున్నావేమో. కొంత అదే. ఆ బడి వెనకనుంచి నడవలేకపోయాను.

కైబల్య ఆసుపత్రి నుంచి వచ్చాక వాడికి ఎదురుపడకుండా పక్కసందుల్లో తిరిగాను. కోపం కాదు. నా మొహంలో వాడు చదివేస్తాడని. వాడికి చదువు తక్కువే గాని మొహాలు బాగా చదువుతాడు. వాణ్ణి ఇక్కడికి పంపనంది వాళ్ళమ్మ. నా చాప మీద పగలు పడుకునేవాడు ఇప్పుడు ఎవరో బలంగీర్ కుర్రాడు. గురక పెట్టడు. నాకు నిద్ర పట్టడం లేదు.

ఉదయనాథ్


ఖజురిపల్లి,
సెప్టెంబరు 14.

అన్నయ్యకు,

మొగలి పూలు విచ్చాయి. దారి పొడవునా వాసన. అమ్మ ఉంటే తలుపులు మూయమనేది, ఉబ్బసానికి పడదని. ఈ ఏడు కూడా వదిన అలవాటుగా మూసేసింది. తర్వాత గుర్తొచ్చి తెరిచింది.

నిన్న కైబల్య వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. బాగా చిక్కిపోయాడు. అమ్మ ఫోటోకి దండం పెట్టి, నా వైపు తిరిగాడు.

"కేతకీ, నువ్వు కాన్వెంటులో చదివావు. అబద్ధం ఆడవు. పిన్నికి నావల్లే వచ్చిందా?"

వదిన చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"కాదు" అన్నాను. "నీ పరీక్షకి చాలా ముందే అమ్మకి జ్వరం. నీలకంఠ తాతతో పాటు బరంపురం మందుల షాపుకి వెళ్ళింది. అక్కడ అంటుకుంది. డాక్టర్లు చెప్పారు. నా దగ్గర రిపోర్టు ఉంది."

ఒక్క మాటా నిజం కాదు. తడబడలేదు. సిస్టర్ వెరోనికా గది చివర నిలబడి వింటున్నట్టే ఉంది, అయినా తడబడలేదు. "సర్పంచ్‌గా చెప్తున్నాను" అని కూడా అన్నాను.

వాడు నన్ను చాలాసేపు చూశాడు. నమ్మాడో, నమ్మినట్టు ఉండిపోవాలనుకున్నాడో నాకు తెలియలేదు. టీ తాగాడు. వెళ్తూ గడప దగ్గర ఆగాడు.

"వచ్చే చైత్రంలో దండ జరిగితే కూర్చుందామనుకుంటున్నా. పిన్ని పేరు మీద. కానీ..." అని తన చేతివైపు చూసుకున్నాడు. "నా చేతి ప్రసాదం ఎవరైనా తింటారా?"

దానికి నా దగ్గర అబద్ధం లేకపోయింది. ఆలోచించి చెప్తానన్నాను. ఏం చెప్పమంటావు?

కేతకి


సూరత్,
సెప్టెంబరు 21.

కునీ,

కూర్చోమను.

రైలుంటే రైల్లో వస్తాను, లేకపోతే నడిచి వస్తాను. వాడి ముందు వరసలో మొదట నిలబడేది నేనే. మొదటి ముద్ద నాకే పెట్టమని చెప్పు.

ఉదయ